డిక్కీలో బ్యాటరీ, చేతిలో వీల్‌చైర్: సెకండ్ హ్యాండ్ సెడాన్ పెట్రోల్ కొనాలా, హైబ్రిడ్ కొనాలా?

ఈ వారం అనుకున్న టాపిక్ వేరే. కానీ గత నెల రోజులుగా మా ఇంట్లో ఒకటే గొడవ, అదే ఎపిసోడ్ అయిపోయింది. సెకండ్ హ్యాండ్ కారు కొనాలి. పెట్రోల్ కొనాలా, హైబ్రిడ్ కొనాలా?

ముందు విషయం చెప్తా. మా నాన్నకి పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు. మాట బాగానే ఉంది, నడక ఇంకా రాలేదు. సూర్యాపేట నుంచి తీసుకొచ్చి నిజాంపేటలో మా అక్క వాళ్ళింట్లో పెట్టాం. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ, సోమాజిగూడ వైపు. ఇన్నాళ్ళూ క్యాబుల్లో తిప్పాం. వీల్‌చైర్ చూడగానే రైడ్ క్యాన్సిల్ చేసేవాళ్ళు కొందరు, దిగి సాయం చేసి డబ్బులు కూడా వద్దన్నవాళ్ళు కొందరు. ఏదైనా సరే, రోజూ అదృష్టం మీద ఆధారపడలేం కదా. అందుకని నేను, అక్క, బావ ముగ్గురం కలిసి డబ్బులు వేసుకుని ఒక సెడాన్ కొందామనుకున్నాం. ఎస్‌యూవీ ఎందుకు వద్దంటే, సీటు ఎత్తు ఎక్కువ. వీల్‌చైర్ మీంచి సీట్లోకి జరగాలంటే సెడానే ఈజీ అని ఫిజియో గారే చెప్పారు.

చివరికి రెండు బళ్ళు మిగిలాయి. రెండూ హోండా సిటీనే, ఐదో జనరేషన్. ఒకటి 2021 పెట్రోల్ సీవీటీ, పదకొండున్నర లక్షలు చెప్పారు. ఇంకోటి 2022 హైబ్రిడ్, దాని పేరు ఈ-హెచ్‌ఈవీ, పద్నాలుగున్నర చెప్పారు. మూడు లక్షల తేడా. నాది హైబ్రిడ్ పార్టీ. అక్కది పెట్రోల్ పార్టీ. బావ ఎప్పటిలాగే స్పీకర్ పోస్టులో ఉన్నాడు.

"ఒరేయ్, ఈ హైబ్రిడ్ అనేది నిన్న మొన్న వచ్చింది, ఎవడు రిపేర్ చేస్తాడురా?" అంది అక్క. అక్కడ నాకు పట్టుకుంది. ఎందుకంటే హైబ్రిడ్ నిన్న మొన్నటిది కాదు. నిజంగా కాదు.

1900 ప్రాంతంలోనే ఉంది. వియన్నాలో లోనర్ అని గుర్రపు బగ్గీలు చేసే కంపెనీ. అందులో పాతికేళ్ళ కుర్రాడు ఒకడు ఉండేవాడు, ఫెర్డినాండ్ పోర్షే. అవును, ఆ పోర్షేనే. ఆయన చేసిన బండి పేరు సెంపర్ వివుస్. అందులో పెట్రోల్ ఇంజిన్లు చక్రాలను తిప్పవు, జనరేటర్లను తిప్పుతాయి. ఆ కరెంటుతో చక్రాల్లోనే ఉన్న మోటార్లు తిరుగుతాయి. బ్యాటరీ మధ్యలో ఉంటుంది. మన అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోతే జనరేటర్ ఆన్ అవుతుంది చూడండి, ఆ జనరేటర్‌ని బండి మీద ఎక్కించుకుని తిరిగినట్టు.

ఇప్పుడు అసలు విషయం వినండి. 2022 హోండా సిటీ హైబ్రిడ్ సిటీ ట్రాఫిక్‌లో చేసేది దాదాపు ఇదే పని. 98 పీఎస్ ఇంజిన్ ఎక్కువ టైమ్ జనరేటర్‌నే తిప్పుతుంది. చక్రాలను తిప్పేది 109 పీఎస్ మోటారు. మామూలు గేర్‌బాక్స్ అనేదే లేదు. హైవే మీద ఒక స్పీడ్‌లో స్థిరంగా పోతున్నప్పుడు మాత్రం ఒక క్లచ్ పడి ఇంజిన్ నేరుగా చక్రాలకు తగులుకుంటుంది. అంటే బగ్గీల షెడ్డులో పుట్టిన ఐడియా నూట ఇరవై ఏళ్ళు తిరిగి కూకట్‌పల్లికి వచ్చింది.

మరి మధ్యలో ఏమైపోయింది? పెట్రోల్ చౌక. సెల్ఫ్ స్టార్టర్ వచ్చాక పెట్రోల్ బండిని చేత్తో తిప్పి స్టార్ట్ చేసే బాధ కూడా పోయింది. ఇక బరువైన బ్యాటరీలు ఎవరికి కావాలి? 1970ల్లో అమెరికాలో విక్టర్ వూక్ అనే ఇంజినీర్ ఒక బ్యూక్ స్కైలార్క్ సెడాన్‌ని హైబ్రిడ్‌గా మార్చి చూపించాడు. ప్రభుత్వమే పొల్యూషన్ తగ్గించే బళ్ళు చెయ్యమని పెట్టిన ప్రోగ్రామ్ కోసం. టెస్ట్ చేశారు, తర్వాత పక్కన పడేశారు. సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాళ్ళకి ఇది బాగా తెలుసు, పీఓసీ సూపర్ అంటారు, బడ్జెట్ మాత్రం రాదు.

తర్వాత 1997 డిసెంబర్, జపాన్‌లో టొయోటా ప్రియస్. మాస్ ప్రొడక్షన్‌లోకి వచ్చిన మొదటి హైబ్రిడ్ కారు. దాని చీఫ్ ఇంజినీర్ తకేషి ఉచియమదా. ఆయన టీమ్ చేసిన మొదటి ప్రోటోటైప్ ఏడు వారాల పాటు కదల్లేదు. స్టార్ట్ చేస్తారు, కదలదు. మళ్ళీ వైరింగ్, మళ్ళీ సాఫ్ట్‌వేర్. చివరికి కదిలింది, కొన్ని వందల మీటర్లు వెళ్ళి ఆగింది. ఈ కథ నాకు చాలా ఇష్టం. ఉద్యోగంలో ఉన్నప్పుడు ప్రొడక్షన్ డౌన్ అయిన ప్రతిసారీ ఇదే తలుచుకునేవాణ్ణి.

ఇదంతా అక్కకి చెప్పాను. "సరే, జపాన్‌లో పాతది. మన దగ్గర?" అంది. కరెక్ట్ ప్రశ్న. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి అసలు చరిత్ర అక్కడే ఉంది, మన దగ్గర.

మన దేశంలో షోరూమ్‌లో అమ్మిన మొదటి హైబ్రిడ్ సెడాన్ హోండా సివిక్ హైబ్రిడ్, 2008లో. జపాన్ నుంచి పూర్తిగా తయారైన బండినే దిగుమతి చేసుకున్నారు, ధర ఇరవై ఒకటిన్నర లక్షలు. అదే సివిక్ పెట్రోల్ ఇంచుమించు అందులో సగం ధరకే దొరికేది. ఎవరు కొంటారు? కొన్ని నెలల్లోనే కంపెనీ ఎనిమిది లక్షల దాకా తగ్గించి స్టాక్ ఖాళీ చేసుకుంది. ముందు కొన్నవాళ్ళ పరిస్థితి ఊహించుకోండి. బండి ఇంకా షైనింగ్ పోలేదు, ఎనిమిది లక్షలు పోయాయి. మన దగ్గర హైబ్రిడ్ అంటే రీసేల్ భయం ఉందే, ఆ భయం అక్కడి నుంచే మొదలైందని నా అనుమానం.

2013లో టొయోటా క్యామ్రీ హైబ్రిడ్‌ని బెంగళూరు దగ్గర బిడదిలో అసెంబుల్ చెయ్యడం మొదలుపెట్టింది. అయినా ముప్పై లక్షల దగ్గర ధర, మనలాంటి వాళ్ళ బండి కాదు. 2015 ఏప్రిల్‌లో కేంద్రం ఫేమ్ స్కీమ్ పెట్టింది, ఎలక్ట్రిక్‌తో పాటు హైబ్రిడ్‌కి కూడా సబ్సిడీ. ఇక్కడ ఒక తమాషా జరిగింది, ఇది మీరు జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే దీని ఎఫెక్ట్ ఇప్పటికీ యూజ్డ్ కార్ల యాప్‌లలో కనిపిస్తుంది.

అదే ఏడాది సెప్టెంబర్‌లో మారుతి సియాజ్ డీజిల్‌లో ఎస్‌హెచ్‌వీఎస్ వచ్చింది. స్మార్ట్ హైబ్రిడ్ అన్నారు. అది మైల్డ్ హైబ్రిడ్. ఒక పెద్ద ఆల్టర్నేటర్, దానికి తగ్గ బ్యాటరీ. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తుంది, కదిలేటప్పుడు కొంచెం తోపు ఇస్తుంది. అంతే. ఒక్క మీటరు కూడా కరెంటు మీద నడవదు. అయినా స్కీమ్‌లో అదీ హైబ్రిడ్డే, సబ్సిడీ వచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి మైల్డ్ హైబ్రిడ్‌లను స్కీమ్ నుంచి తీసేశారు, కానీ ఆ బ్యాడ్జి బండి మీదే ఉండిపోయింది. 2018 సియాజ్ పెట్రోల్‌లో కూడా అదే టెక్నాలజీ. మంచి బండి, అందులో డౌట్ లేదు. కానీ ఇప్పుడు యాప్ ఓపెన్ చేసి, సెడాన్, హైబ్రిడ్ అని ఫిల్టర్ పెట్టండి, సియాజ్‌లు వరసగా వస్తాయి. "ఏడు లక్షలకే హైబ్రిడ్ అన్నా" అని నాకు మెసేజ్ పెట్టిన తమ్ముళ్ళు ఎంతమందో. అది మీరు అనుకుంటున్న హైబ్రిడ్ కాదు రా బాబు. పెట్రోల్ బండి అనుకుని కొనుక్కో, హ్యాపీగా ఉంటావు.

ఇక 2017 జూలై 1, జీఎస్టీ. అంతకుముందు హైబ్రిడ్ మీద అన్ని పన్నులూ కలిపి సుమారు 30 శాతం పడేది. జీఎస్టీలో 28 శాతం, దాని మీద 15 శాతం సెస్సు, మొత్తం 43. ఎలక్ట్రిక్ బళ్ళకేమో 12, తర్వాత 2019లో 5కి తగ్గించారు. అంటే ప్రభుత్వం దారి ఎంచుకుంది, మధ్యలో మెట్టు వద్దు, డైరెక్ట్‌గా ఎలక్ట్రిక్‌కే వెళ్దాం అని. అది రైటా రాంగా అనేది ఇంకో ఎపిసోడ్. నా ఒపీనియన్ మాత్రం, 2017లో మన దగ్గర ఛార్జింగ్ స్టేషన్లు ఎన్ని ఉన్నాయో గుర్తున్నవాళ్ళెవరూ ఆ తొందరని సమర్థించరు.

ఆ 43 శాతం ఉండగానే హోండా 2022 మే నెలలో సిటీ ఈ-హెచ్‌ఈవీని రిలీజ్ చేసింది. రాజస్థాన్‌లో తపుకరాలో తయారీ, ఎక్స్ షోరూమ్ 19 లక్షల 49 వేలు, కంపెనీ చెప్పిన మైలేజ్ లీటరుకి 26.5. పెట్రోల్ సీవీటీకి చెప్పింది 18.4. పన్ను తేడా చూడండి: నాలుగు మీటర్లు దాటిన పెట్రోల్ సిటీకి 45 శాతం, హైబ్రిడ్‌కి 43. ఎంత గొప్ప ప్రోత్సాహమో, రెండు శాతం. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకి రోడ్ ట్యాక్స్ మాఫీ చేస్తే అక్కడ కొంత ఊపు వచ్చింది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మళ్ళీ మారింది, సెస్సు పోయింది, ఈ రెండు సిటీలకీ ఇప్పుడు 40 శాతం. ఆ రెండు శాతం కూడా పోయింది. కొత్త బండి రేటు తగ్గితే పాత బండి రేటు కూడా దిగాలి. 2022లో కట్టిన పన్ను లెక్క చూపించి అమ్మేవాడు రేటు పెంచి చెప్తే, ఇప్పటి కొత్త బండి ఆన్‌రోడ్ ధర ఫోన్‌లో చూపించి మాట్లాడండి. నేను అదే చేశాను.

ఇప్పుడు లెక్క. నేను లెక్క వేసినప్పుడు హైదరాబాద్‌లో పెట్రోల్ 107 రూపాయలు. కంపెనీ మైలేజ్‌లు పక్కన పెట్టండి. నాకు తెలిసిన నలుగురు ఓనర్లను అడిగి, ట్రాఫిక్‌లో పెట్రోల్‌కి 13, హైబ్రిడ్‌కి 20 అని వేసుకున్నాను. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే పెట్రోల్‌కి 8,230 రూపాయలు, హైబ్రిడ్‌కి 5,350. నెలకి 2,900 మిగులు, ఏడాదికి దగ్గర దగ్గర 35 వేలు. మూడు లక్షల తేడా తీరాలంటే ఎనిమిదిన్నరేళ్ళు. అదే నెలకి రెండు వేల కిలోమీటర్లు సిటీలోనే తిరిగేవాళ్ళకి నాలుగేళ్ళ పైచిలుకు చాలు. ఓఆర్ఆర్ మీద, విజయవాడ హైవే మీద తిరిగేవాళ్ళకి ఈ లెక్క పని చెయ్యదు. హైబ్రిడ్ పెట్రోల్ మిగిల్చేది బ్రేక్ వేసినప్పుడు. బండి ఆగేటప్పుడు వేస్ట్‌గా వేడిగా పోయే శక్తిని మోటారు కరెంటుగా మార్చి బ్యాటరీలో పెడుతుంది. బ్రేకే వెయ్యని రోడ్డు మీద ఏం మిగులుతుంది? పంజాగుట్ట సిగ్నల్ హైబ్రిడ్‌కి పుట్టిల్లు లాంటిది.

బ్యాటరీ భయం గురించి కూడా చెప్పాలి. ఈ బండి బ్యాటరీకి కంపెనీ వారంటీ 8 ఏళ్ళు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు. 2022 బండికి 2030 వరకు. నా లెక్క తీరేది ఆ తర్వాతే, అది గుర్తు పెట్టుకోండి. కొనేముందు వారంటీ మీ పేరు మీదకి మారుతుందా అని సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా అడగండి. బ్యాటరీ హెల్త్ రిపోర్ట్ తీయించండి. ఓనర్ "నో ఇష్యూస్ బ్రో" అంటే అది రిపోర్ట్ కాదు.

ఇంకోటి, వరద బండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలా మునిగిన బళ్ళు కడిగి, పాలిష్ కొట్టి, ఎక్కడెక్కడో అమ్ముడవుతుంటాయి. ఏపీలో 2019 నుంచి రాష్ట్రమంతా ఒకటే సిరీస్ కాబట్టి ఏపీ 39 నంబర్ చూస్తే ఏ ఊరి బండో తెలీదు, ఆర్సీలో అడ్రస్ చూడాలి. సీట్ బెల్ట్‌ని చివరిదాకా లాగండి, చివర్లో మట్టి గీత కనిపిస్తే దండం పెట్టి వచ్చేయండి. పెట్రోల్ బండి మునిగితే ఖర్చు. హైబ్రిడ్ మునిగితే హై వోల్టేజ్ బ్యాటరీ, దాని కంట్రోల్ యూనిట్, అదింకో లెవెల్ ఖర్చు. పైగా ఏపీ బండి తెలంగాణకి తెచ్చుకుంటే ఎన్‌ఓసీ, మళ్ళీ లైఫ్ ట్యాక్స్. మేమందుకే టీఎస్ నంబర్లే చూశాం.

ఇన్ని లెక్కల తర్వాత కూడా నా మనసు హైబ్రిడ్ మీదే ఉంది. కారణం డబ్బు కాదు. ఫిజియో దగ్గర పార్కింగ్‌లో నాన్నని అరగంట కూర్చోబెట్టాల్సి వస్తుంది ఒక్కోసారి. హైబ్రిడ్‌లో ఇంజిన్ ఆగి ఉన్నా ఏసీ నడుస్తుంది, బ్యాటరీ తగ్గినప్పుడు ఇంజిన్ కాసేపు ఆన్ అయి ఆగిపోతుంది. సౌండ్ లేదు, వైబ్రేషన్ లేదు. పక్షవాతం వచ్చిన మనిషికి ఆ వణుకు లేకపోవడం ఎంత హాయో, టెస్ట్ డ్రైవ్‌లో నాన్న మొహం చూస్తే నాకర్థమైంది. "బండి ఆన్‌లోనే ఉందారా?" అని అడిగాడు.

మణికొండలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంది ఆ బండి. ఓనర్ మాలాంటి ఐటీ అతనే, ఆన్‌సైట్ వెళ్ళిపోతున్నాడు. నీట్‌గా ఉంది, సర్వీస్ హిస్టరీ పక్కాగా ఉంది. నేను ఆల్మోస్ట్ టోకెన్ ఇచ్చేయబోయాను. అప్పుడు అక్క, "ఆగు, డిక్కీ ఓపెన్ చెయ్యి" అంది.

పెట్రోల్ సిటీ డిక్కీ 506 లీటర్లు. హైబ్రిడ్‌ది 306. ఎక్కడికి పోయాయి ఆ 200 లీటర్లు? బ్యాటరీ, దాని ఎలక్ట్రానిక్స్ వెనక సీటు అవతలే కూర్చున్నాయి, దాంతో డిక్కీ ఫ్లోర్ పైకి లేచింది. ఈ నంబర్లు నాకు ముందే తెలుసు, స్పెక్ షీట్‌లో చదివాను. చదివి, "రెండు సూట్‌కేసులు పడతాయిలే" అనుకుని దాటేశాను. ఇది కూడా పాత కథే. 2008 సివిక్ హైబ్రిడ్‌లోనూ బ్యాటరీ వెనక సీటు వెనకాలే. క్యామ్రీలో కొత్త జనరేషన్ వచ్చేదాకా అంతే, 2019లో మన దగ్గరికి వచ్చిన మోడల్‌లో వెనక సీటు కిందికి దింపారు, డిక్కీ బతికింది. మొదటి నుంచీ హైబ్రిడ్ సెడాన్ చేసే ఇంజినీర్లకి ఉన్న తలనొప్పి ఇదే, పెట్రోల్ కోసం గీసిన బండిలో బ్యాటరీ ఎక్కడ దాచాలి?

అక్క క్యాబ్‌లోంచి నాన్న వీల్‌చైర్ దింపి, మడిచి, డిక్కీలో పెట్టింది. పడుకోబెడితే మూత పడలేదు. నిలబెడితే అసలే పడలేదు. చక్రం తిప్పి, అడ్డంగా పెట్టి, ఫుట్‌రెస్ట్‌లు ఊడదీసి చూశాను. ఓనర్ కూడా సాయం పట్టాడు పాపం. "వెనక సీట్లో పెట్టుకోవచ్చు కదండీ" అన్నాడు. పెట్టుకోవచ్చు. కానీ ముందు బావ, నాన్న. వెనక అమ్మ, అక్క. వీల్‌చైర్ సీట్లో కూర్చుంటే అమ్మ ఇంట్లో ఉండిపోవాలి. అమ్మ లేకుండా నాన్న ఫిజియోకి రాడు.

నేను ఇంకో పది నిమిషాలు ట్రై చేశాను. నిజం చెప్పాలంటే అప్పుడు నేను ట్రై చేస్తున్నది వీల్‌చైర్ పట్టించడానికి కాదు, నా మాట నెగ్గించుకోవడానికి. అక్క ఏమీ అనలేదు. నాన్న లిఫ్ట్ పక్కన కుర్చీలో కూర్చుని చూస్తూ, "వదిలెయ్‌రా, చెయ్యి నలుగుతుంది" అన్నాడు.

2021 పెట్రోల్ సీవీటీ కొన్నాం. పదకొండు లక్షల ఇరవై వేలకి తెగింది. వీల్‌చైర్ పడుకోబెడితే పడుతుంది, పక్కన వాకర్, అమ్మ టిఫిన్ బ్యాగ్ కూడా. మిగిలిన మూడు లక్షల చిల్లర నాన్న ట్రీట్‌మెంట్ అకౌంట్‌లో ఉంది. వీల్‌చైర్ లేని ఇల్లయి, రోజూ గచ్చిబౌలి ట్రాఫిక్‌లో అరవై డెబ్బై కిలోమీటర్లు తిరిగేవాళ్ళయితే మాత్రం నేను ఇప్పటికీ హైబ్రిడ్డే కొనమంటాను, రిపోర్ట్ చూసి.

మొన్న శనివారం నేనే డ్రైవ్ చేశాను. అమీర్‌పేట దగ్గర ఇరవై నిమిషాలు కదల్లేదు. మీటర్‌లో మైలేజ్ 11.4 చూపిస్తోంది. నేను మనసులో లెక్కలు వేస్తున్నా, లీటరుకి ఎంత, నెలకి ఎంత అని. నాన్న పక్కనుంచి ఎడమ చేత్తో ఏసీ వెంట్ తనవైపు తిప్పుకున్నాడు. "ఏంట్రా, అప్పుడే నష్టం లెక్కపెడుతున్నావా?" అన్నాడు. వెనక నుంచి అక్క నవ్వింది.

మీ ఇంట్లో ఏం బండి, రోజుకి ఎన్ని కిలోమీటర్లు, డిక్కీలో ఏం పెడతారు, రాయండి. లెక్క నేను వేసి పెడతాను. ఉంటాను మరి.